ఓడలను కాచిన ఇసుక దిబ్బ

అట్లాసు తెరవండి. పులికాట్ సరస్సుకు ఉత్తరాన, తిరుపతి జిల్లాలో దుగరాజపట్నం ఉంది. ఈస్టిండియా కంపెనీవారు 1626లో ఇక్కడ వర్తకం మొదలుపెట్టి, కోట కట్టి ఫిరంగులు నిలిపారు. ఈ రేవును వారు ‘ఆర్మగాం’ అనేవారు.

నడిసముద్రపు అలలకు ఓడలు ఇక్కడెలా తట్టుకున్నాయి? తీరానికి కొన్ని మైళ్ళ దూరంలో, నీటి అడుగున పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. లోతు తగ్గినచోట పెద్ద అలలు విరిగి, బలం కోల్పోతాయి. అందువల్ల దిబ్బకూ ఒడ్డుకూ నడుమ నీరు నెమ్మదిగా ఉంటుంది.

మరి ఇంత చక్కని రేవును ఎందుకు వదిలారు? ఇక్కడ నేతబట్టలు చాలినన్ని దొరకలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే మద్రాసులో స్థలం సంపాదించాడు. అక్కడ బట్టలు చవక. కాని సహజమైన రేవు లేదు! 19వ శతాబ్దిలో రేవు కట్టేదాకా, కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవల్లోనే సరుకు అలలు దాటేది. అయినా మద్రాసే మహానగరమైంది.

రేవుకు నెమ్మదైన నీరెంత అవసరమో, వెనక ఊళ్ళలో ఆడే మగ్గాలూ అంతే అవసరమన్నమాట!