మంచమంత ఊరు

మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్... అద్దాల మేడల వెనక సందుల్లో ఇళ్ల లెక్కన కాదు, మంచాల లెక్కన అద్దెకిస్తారు. చదువు ఆఖర్లోనో కొలువు మొదట్లోనో ఉన్న పిల్లలు ఆ మంచానికి నెలనెలా డబ్బు కట్టి ఈ వీధుల్ని బతికిస్తున్నారు. వీధులు మాత్రం వాళ్లను ఇంకా వచ్చిపోయేవాళ్లుగానే లెక్కేస్తున్నాయి.

ఉదయం ఏడు గంటలు. మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో ఓ సందు. నీళ్ల ట్యాంకర్ వెనక్కి వస్తుంటే టమాటాల ఆటో గోడకు ఒదిగింది. కింద వంటమనిషి గిన్నె దించాడో లేదో, మూడో అంతస్తు నుంచి ఓ గొంతు: ‘‘అన్నా, ఈరోజు టిఫినేంటి?’’ ఉప్మా అన్న జవాబు వినగానే సగం మంది మళ్లీ ముసుగు తన్నేశారు. మిగతా సగం గీజరు దగ్గర వరసలో ఉన్నారు. కరెంటు స్తంభం మీద ఒకదానిపై ఒకటి అతికించిన కాగితాలు: లేడీస్ హాస్టల్, జెంట్స్ హాస్టల్, టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. ఎదురుగా అపార్ట్‌మెంట్ గేటుకు వేలాడుతున్న బోర్డు: ‘టులెట్ - ఫ్యామిలీస్‌కి మాత్రమే’.

స్తంభం రమ్మంటుంది, గేటు వద్దంటుంది. ఈ రెండింటి మధ్యే నడుస్తుంది ఇక్కడి పిల్లల బతుకు.

షేరింగ్ లెక్కలు

ఈ సందుల్లో మనిషి ఎదుగుదలకు కొలమానం షేరింగే. కోర్సు కోసం వచ్చినప్పుడు ఫోర్ షేరింగ్. ఇంటర్న్‌షిప్‌లో స్టైపెండ్ పడితే త్రీ. ఆఫర్ లెటర్ చేతికొచ్చి రెండు మూడు జీతాలు చూశాక టూ. పెళ్లిమాటలు మొదలైతే గానీ ఎవరూ ఫ్లాట్ వెతకరు.

మంచంతో పాటు బీరువాలో ఓ అర, గోడకు ఓ ప్లగ్ పాయింట్ వాటాకొస్తాయి. కిటికీ పక్క మంచానికి గిరాకీ ఎక్కువ. అక్కడున్నవాళ్లు ఖాళీ చేస్తున్నారని తెలియగానే, కొత్తవాళ్లు దిగేలోగా పాతవాళ్లు పరుపు జరిపేసుకుంటారు. మంచం కింద సూట్‌కేసు, తలగడ పక్కన ల్యాప్‌టాప్. చదువు, నిద్ర, నాన్న అడిగే ‘ఏమైనా తెలిసిందా?’కి జవాబు వెతుక్కోవడం, అన్నీ ఆ ఆరడుగుల మీదే. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంటే మెట్ల మీదకో డాబా మీదకో వెళ్తారు. ఆదివారం మధ్యాహ్నం చికెన్ కాబట్టి హాస్టల్ నిండుగా ఉంటుంది. సోమవారం పప్పుచారుతో వారం మళ్లీ మొదలు.

అమ్మాయిల హాస్టళ్లలో ఇంకో లెక్కుంది, గేటు టైమ్. పక్క సందులో అబ్బాయిల హాస్టల్‌కు తాళమే పడదు. ఇక్కడ మాత్రం ఫలానా వేళ దాటితే వార్డెన్‌కు సంజాయిషీ చెప్పాలి. 2013 అక్టోబరులో ఐటీ కారిడార్‌లో ఓ యువ ఉద్యోగిని క్యాబ్‌లో అపహరణకు, అత్యాచారానికి గురైన ఘటన తర్వాత నగరం ఉలిక్కిపడింది. మరుసటేడు అక్టోబరులో మహిళల రక్షణకు పోలీసుల షీ టీమ్స్ వచ్చాయి. రోడ్డు మీద రక్షణ పెరిగింది. గేటు టైమ్ మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది. రోడ్డు భద్రంగా ఉండాలన్న బాధ్యత పోలీసులది, ఇంటికి వేళకు చేరాలన్న భారం ఇప్పటికీ అమ్మాయిదే.

వారాల నుంచి వాటాల దాకా

చదువుకోవడానికి పట్నం చేరిన పిల్లాడు ఎక్కడ తిని ఎక్కడ పడుకోవాలన్నది మనకు పాత ప్రశ్నే. తాతల కాలంలో దానికి వారాలు జవాబు. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం కరణం గారింట్లో, ఇలా ఏడు రోజులకు ఏడు విస్తళ్లు. వారాలబ్బాయి పేదవాడే, మాటా పడేవాడు. ఆ అన్నానికి కులం గీతలూ ఉండేవి. అయినా ఏడు వాకిళ్లకు అతని పేరు తెలుసు. ఒకరోజు రాకపోతే ‘జ్వరమేమైనా వచ్చిందా’ అని ఆరా తీసేవాళ్లు.

నిజాం కాలపు హైదరాబాద్‌లో ఆ ప్రశ్నకు వసతి గృహాలు జవాబయ్యాయి. తర్వాత నగర కొత్వాల్ అయిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలిసింది. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలకు మంచం, భోజనంతో పాటు తెలుగు వాతావరణాన్నీ ఇచ్చింది. 1926లో ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలు చూసినవారే. ఒక్కో సామాజికవర్గం తన పిల్లలకు తాను గూడు కట్టుకుంది. గూడు లేని కులాల పిల్లలకు ఆ తర్వాత సంక్షేమ హాస్టళ్లు దిక్కయ్యాయి.

ఇప్పటి హాస్టల్ ఎవరి కులమూ అడగదు, డబ్బు కడితే చాలు. అది చిన్న మార్పు కాదు. శ్రీకాకుళం కుర్రాడు, ఆదిలాబాద్ కుర్రాడు, అనంతపురం కుర్రాడు ఒకే గదిలో ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ, రెండు నెలలకు ఒకే యాసలో పడిపోవడం ఇక్కడే సాధ్యం. కానీ ఓ రోజు కనిపించకపోతే ఆరా తీసే వాకిలి మాత్రం పోయింది.

లోపలి చదువు, బయటి చదువు

ఈ బండరాళ్ల నేల మీదికి ముందొచ్చింది చదువే. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పుట్టింది. సరోజినీ నాయుడు నివాసమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో మొదలై, గచ్చిబౌలి చేరింది. 1998లో ట్రిపుల్ ఐటీ, ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. అదే ఏడాది నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. తర్వాత కథ తెలిసిందే.

ప్రాంగణం లోపలి విద్యార్థికి హాస్టల్ గది, మెస్ కమిటీ, విద్యార్థి సంఘం ఉంటాయి. 2025లో ప్రాంగణాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు ‘ఇది మేముండే చోటు’ అని కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి చెట్ల నరికివేతను ఆపించింది. గేటు బయట, మాదాపూర్‌లో మంచం అద్దెకు తీసుకుని కోర్సు చేస్తున్న అదే వయసు పిల్లలకు ఆ ‘మేము’ లేదు. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో పడ్డాక వాళ్ల రాకపోకలు సులువయ్యాయి. కోర్సు అక్కడ, ఇంటర్వ్యూ ఇక్కడ. ఆ ప్రయాణం బాగుపడింది గానీ, నివాసం మాత్రం ఇంకా ప్లాట్‌ఫామ్ మీది మజిలీలాగే ఉంది.

తలుపులు మూసిన రోజు

ఆ నివాసం ఎంత తాత్కాలికమో 2020 మార్చిలో బయటపడింది. 24వ తేదీ రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాటికల్లా చాలా హాస్టళ్లు వంట ఆపేసి, ఖాళీ చేయమన్నాయి. వేలమంది పిల్లలు బ్యాగులతో పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ఊరెళ్లడానికి పోలీసులు అనుమతి పత్రాలిచ్చారు. వాటితో బయల్దేరినవాళ్లను ఆంధ్రప్రదేశ్ సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు, క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే రమ్మన్నారు. ఇక్కడ తెలంగాణ ప్రభుత్వం ఎవరినీ ఖాళీ చేయించొద్దని హాస్టళ్లకు చెప్పి, పత్రాలు చెల్లవంది.

ఆ రెండు రోజులు ఆ పిల్లలు ఏ ఊరి వాళ్లు? పుట్టిన ఊరు ఆగమంది, ఉన్న ఊరు పొమ్మంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లను అలా రాత్రికి రాత్రి ఖాళీ చేయించడం అంత తేలిక కాదు. మంచానికి అద్దె కట్టినవాళ్లకు ఆపాటి హక్కు కూడా లేదని ఆ రోజు తేలింది.

గోడల బలమెంత?

గిరాకీ పెరిగేకొద్దీ గోడలూ పెరిగాయి. చిన్న జాగాలో నాలుగైదంతస్తులు, అంతస్తుకు ఇన్ని గదులు, గదికి ఇన్ని మంచాలు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదులు తవ్వుతుండగా అలాంటి ఇరుకు భవనమొకటి పక్కకు ఒరిగింది. లోపలివాళ్లు పరుగున బయటపడ్డారు, తర్వాత దాన్ని కూల్చేశారు. 2025 జనవరి 5న అయ్యప్ప సొసైటీలో అనుమతులు లేకుండా లేచిన బహుళ అంతస్తుల భవనాన్ని ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా నేలమట్టం చేసింది.

అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు మెనూ, వైఫై గురించి అడిగినంత శ్రద్ధగా ఇంకొన్ని చూసుకోవాలి. నిప్పంటుకుంటే దిగడానికి రెండో దారి ఉందా? డాబా తలుపుకు రాత్రి తాళం వేస్తారా? వెళ్లేటప్పుడు అడ్వాన్స్‌లో ఎంత కోస్తారు, ఎన్ని రోజుల ముందు చెప్పాలి? వీటికి నోటిమాట చాలదు, రసీదు మీద రాయించుకోవాలి.

చట్టం కూడా ఈ మంచాన్ని నివాసంగా గుర్తించడం మొదలుపెట్టింది. విద్యాసంస్థల బయటి హాస్టళ్లలో మనిషికి నెలకు 20 వేల రూపాయలకు మించని అద్దె ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉంటే ఆ అద్దె మీద పన్ను ఉండకూడదని 2024 జూన్ 22న జీఎస్టీ మండలి సిఫార్సు చేసింది. లాడ్జి వేరు, ఉండే చోటు వేరు అని అలా ఒప్పుకుంది.

మీదే ఊరు?

ఈ కాలనీలున్న శేరిలింగంపల్లి ఓటర్ల సంఖ్యలో రాష్ట్రంలోనే పెద్ద నియోజకవర్గం, 2023 ఎన్నికల నాటికి 7 లక్షలు దాటింది. గుర్తింపు పొందిన, ఏడాదికి తగ్గని కోర్సు చదివే విద్యార్థి సొంతూరిలో గానీ, ఉంటున్న హాస్టల్ చిరునామాతో గానీ ఓటు నమోదు చేసుకోవచ్చని ఎన్నికల సంఘం చెబుతోంది. మూడు నెలల కోర్సు పిల్లాడికి ఈ వెసులుబాటు అందదు, అందే పిల్లల్లోనూ అడిగేవాళ్లు తక్కువ. 2024 మే 13న హైదరాబాద్‌లోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకేసారి పోలింగ్. ఆ ముందురోజుల్లో మాదాపూర్ సందులు ఖాళీ, విజయవాడ రహదారి మీద టోల్‌గేట్లు కిటకిట. సంక్రాంతికీ అంతే.

ఓటు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇక్కడి సందు లైటు గురించి, మురుగు గురించి, ఒరిగే గోడ గురించి వీళ్లను అడిగే కార్పొరేటర్ ఉండడు. ఏళ్ల తరబడి నీళ్లకు, కరెంటుకు, టీకొట్టుకు, కర్రీ పాయింటుకు డబ్బు కట్టేవాళ్లు ఆ వీధి లెక్కలో లేకపోవడం వీధికీ నష్టమే. నివాసి అన్న మాటను ఇల్లున్నవాడికే కాకుండా మంచమున్నవాడికీ ఇవ్వాల్సిన సమయం వచ్చింది.

పండగ వెళ్లిన ఆదివారం రాత్రి మియాపూర్‌లో బస్సులు దిగుతాయి. ఓ చేతిలో బ్యాగు, మరో చేతిలో గుడ్డ కట్టిన సీసా. గదికి చేరాక నాలుగు సీసాలూ ఒకే కిటికీ గట్టు మీదకు చేరతాయి: గోంగూర, ఆవకాయ, మాగాయ, పండుమిర్చి. ఒకప్పుడు ఒక్క కుర్రాడికి ఏడిళ్లు అన్నం పెట్టేవి. ఇప్పుడు ఒక్క గదికి నాలుగు ఊళ్లు పచ్చడి పంపుతున్నాయి. ఆ సీసాల మీద ఎవరి పేరూ రాసి ఉండదు. ఎవరిది ముందు అయిపోతే వాళ్లు మిగతావాళ్ల సీసాలో చెయ్యి పెడతారు. అప్పుడప్పుడూ కింది నుంచి వంటమనిషి కూడా గిన్నె పట్టుకుని పైకొస్తాడు, ‘‘ఆ పండుమిర్చి కొంచెం వెయ్యి తమ్ముడూ’’ అంటూ.