రోడ్డు దాటడానికి ఓ రిహార్సల్

వీఆర్ హెడ్‌సెట్ అనగానే గుర్తొచ్చేది గేమింగే. జాంబీలను కాల్చడం, రోలర్ కోస్టర్ ఎక్కి కేకలు పెట్టడం... అంతేగా? అదే టెక్నాలజీతో రోడ్డు దాటడం నేర్పిస్తారంటే నమ్ముతారా? 'రోడ్డు దాటడానికి కూడా ట్రైనింగా?' అని నవ్వుకోకండి. నాలాంటి వాళ్లకు అది నిజంగానే ఒక విద్య.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. చీకటి పడితే చూపు ఆనదు. పగలైతే ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. పైపులోంచి లోకాన్ని చూస్తున్నట్టన్నమాట. వాట్సాప్ మెసేజ్ చదవగలను. కానీ పక్కనుంచి వచ్చే బైక్ మీదికి వచ్చేదాకా తెలీదు. అందుకే 'ఫోన్ చూస్తాడు, కర్ర పట్టుకుంటాడు, ఏందీ యాక్టింగ్' అనుకునేవాళ్లూ ఉంటారు.

ఉండేది శామీర్‌పేటలో. సందు దాటితే రాజీవ్ రహదారి. కరీంనగర్ వైపు వెళ్లే బస్సులు, లారీలు, ఔటర్ రింగ్ రోడ్డు కోసం తొందరపడే కార్లు, మధ్యలో దూరిపోయే ఆటోలు. చెరువు చూడ్డానికి జనం వచ్చే ఆదివారమైతే ఇక చెప్పక్కర్లేదు. అవతలి పక్క బస్టాప్‌కి వెళ్లాలంటే నాకది రోజూ ఓ పరీక్షే.

చూపు ఉన్నట్టా, లేనట్టా?

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీనికి లెక్క చెప్పింది. అద్దాలు పెట్టుకున్నా, రెండింట్లో మెరుగైన కంటి చూపు 6/18కి మించకపోతే లో విజన్ కిందికి వస్తుంది. అంటే, మామూలు చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మనం 6 మీటర్ల దగ్గరికి వెళ్తేగానీ చదవలేం. చూపు పరిధి 40 డిగ్రీల కంటే తగ్గినా లో విజనే. రెండు కళ్లతో మామూలుగా కనిపించే పరిధి దాదాపు 180 డిగ్రీలు. మిగతాదంతా నాలాంటి వాళ్లు చెవులతో, కర్రతో, జ్ఞాపకంతో పూరించుకోవాలి.

ఆ పూరించుకోవడాన్ని నేర్పేదే 'ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ' శిక్షణ. నేనెక్కడున్నాను, ఎటు వెళ్లాలి, దెబ్బ తగలకుండా ఎలా వెళ్లాలి అన్నవే అందులో పాఠాలు. పొడవాటి కర్రను అడుగడుక్కీ ఎడమకీ కుడికీ ఆడిస్తూ నడిచే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం నాటిది. చూపు పోగొట్టుకున్న సైనికుల కోసం అమెరికాలో రిచర్డ్ హూవర్ 1944లో దానికి రూపమిచ్చాడు. మన హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చూపు తక్కువున్నవాళ్ల కోసం ప్రత్యేకంగా పునరావాస విభాగమే ఉంది.

అయితే ఈ చదువులో ఒక చిక్కుంది. ఏ విద్యయినా తప్పులు చేస్తూనే నేర్చుకుంటాం. సైకిల్ నేర్చుకునేటప్పుడు పడతాం, లేస్తాం. రోడ్డు మీద ఆ సౌకర్యం లేదు. తప్పు అడుగు పడేలోపే ట్రైనర్ చెయ్యి పట్టి వెనక్కి లాగుతారు. లాగకపోతే కుదరదు మరి. దాంతో 'నా లెక్క ఎక్కడ తప్పింది' అన్నది మనకు పూర్తిగా అర్థం కాదు, భయం మాత్రం మిగిలిపోతుంది.

అలబామాలో ఏం చేశారు?

ఈ చిక్కుకే వర్చువల్ రియాలిటీతో జవాబు వెతికారు అమెరికాలోని అలబామా యూనివర్సిటీ బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఎలెన్ బౌమన్, లే ల్యూ. 2017లో వాళ్ల ఫలితాలు అచ్చయ్యాయి. పాదచారుల సిగ్నల్ కూడా కనిపించనంత తక్కువ చూపున్న 12 మందిని తీసుకున్నారు. నలుగురికి నిజం రోడ్డు మీద, ఎనిమిది మందికి మూడు పెద్ద తెరల మీద సృష్టించిన వర్చువల్ రోడ్డులో పాఠం చెప్పారు.

పాఠం ఒక్కటే. మనం వెళ్లాల్సిన దిక్కుకే వెళ్లే కార్లు పక్కన ఆగి ఉంటాయి. సిగ్నల్ పడగానే అవి ఒక్కసారిగా కదులుతాయి. ఆ కదలిక, ఆ ఇంజిన్ల మోత పట్టుకుంటే చాలు, అడ్డంగా వచ్చే ట్రాఫిక్ ఆగిందని అర్థం. అప్పుడే 'గో' అనాలి.

శిక్షణకు ముందు వాళ్లు 'గో' అన్నవాటిలో సగానికి పైగా దాటకూడని సమయంలోనే పడ్డాయి. నిజంగా అడుగేసి ఉంటే? ఊహించుకోండి. శిక్షణ తర్వాత 90 శాతం 'గో'లు దాటేందుకిచ్చిన సమయంలో మొదటి సగంలోనే పడ్డాయి. అంటే నింపాదిగా అవతలికి చేరేంత టైముంది. అసలు సంగతి ఏంటంటే, ఈ పరీక్ష పెట్టింది తెర మీద కాదు, నిజం రోడ్డు మీద. అక్కడ వర్చువల్ బ్యాచ్‌కీ రోడ్డు బ్యాచ్‌కీ మెరుగుదలలో తేడా లేదు!

ఆ తర్వాత ఇంకొన్ని ప్రయోగాలొచ్చాయి. 2018లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ 'కేన్‌ట్రోలర్' అనే కర్రను చూపించింది. వర్చువల్ గోడకు తగిలితే చేతిలోని కర్ర నిజంగానే ఆగిపోతుంది, చప్పుడు కూడా వినిపిస్తుంది. 2019లో వచ్చిన 'సీయింగ్ వీఆర్'లో చూపు తక్కువున్నవాళ్ల కోసం బొమ్మను పెద్దది చేయడం, అంచులను మెరిపించడం లాంటి 14 టూల్స్ ఉన్నాయి.

మన రోడ్డు వేరు బాస్!

సరే, ఆ అలబామా రోడ్డునే డౌన్‌లోడ్ చేసి శామీర్‌పేటలో నాకు పెట్టేస్తే? ఆ ఆలోచనకే గుండె జారుతుంది. అక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి. రోడ్డంచున నిలబడితే మొదటి కారు ఎడమ నుంచి వస్తుంది. మనకు కుడి నుంచి. చెవికి ఆ అలవాటు పడితే ఇక్కడ మొదటి అడుగే ముప్పు.

ఇంకోటి, ఆ పాఠం మొత్తం ఒక నమ్మకం మీద నిలబడింది. రెడ్ పడితే బండి ఆగుతుందని! మన దగ్గర సిగ్నల్ లేని చోటే దాటాల్సి రావచ్చు. రాంగ్ రూట్‌లో బైక్ వస్తుంది. ఆర్టీసీ బస్సు మోతలో పక్కనున్న స్కూటీ వినిపించదు. ఎలక్ట్రిక్ ఆటో అయితే పిల్లిలా వస్తుంది. సాయంత్రం ఎండ కళ్లలో పడుతుంది, ఆ వెంటనే హెడ్‌లైట్లు. ఇవన్నీ ఉన్న వర్చువల్ రోడ్డు కావాలి నాకు. అందులో వందసార్లు తప్పు చేయాలి. మొదట ఒక్క ఆటో, తర్వాత ఆటోతో పాటు లారీ, ఆ తర్వాత వానలో సాయంత్రం ఆరు గంటల రద్దీ... ఇలా లెవెల్ పెంచుకుంటూ పోవాలి. 'ఇక్కడ దాటకు, కొంచెం ముందుకెళ్లి దాటు' అని తెలుసుకోవడం కూడా ఒక లెవెలే.

ఇదేమీ ఆకాశానికి నిచ్చెన వేయడం కాదు. అలబామాలో వాడింది మూడు తెరలు, ఒక మంచి ట్రైనర్. కూడలిలో 360 డిగ్రీల వీడియో, ఏ శబ్దం ఎటు నుంచి వస్తుందో తెలిసేలా ఆడియో రికార్డు చేస్తే ఒక ప్రారంభం దొరుకుతుంది. శామీర్‌పేటలోనే 2008 నుంచి బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. ప్రాజెక్టు కోసం ఐడియా వెతుక్కునే ఇంజినీరింగ్ పిల్లలు ఇక్కడే కాదు, మన దగ్గర ఊరూరా ఉన్నారు. ఒక్కటే షరతు. కోడ్ రాసే టేబుల్ దగ్గర మొబిలిటీ ట్రైనర్‌కి ఒక కుర్చీ, చూపు తక్కువున్న మనిషికి ఇంకో కుర్చీ వేయాలి. మేం లేకుండా చేస్తే అది మళ్లీ గేమ్ అయిపోతుంది.

హెడ్‌సెట్ వచ్చిందని కర్ర పక్కన పడేయలేం, ట్రైనర్‌ని మానేయలేం. కొందరికి వీఆర్‌లో కళ్లు తిరుగుతాయి కూడా. ఇది రిహార్సల్ మాత్రమే. కానీ రిహార్సల్ లేకుండా స్టేజీ ఎక్కమంటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి కదా.

ఆ యాప్ వచ్చేలోపు మీరు చేయగలిగినవి రెండున్నాయి. తెల్ల కర్రతో ఎవరైనా రోడ్డంచున కనిపిస్తే చెయ్యి పట్టి లాగేయకండి. 'దాటాలా అన్నా?' అని అడగండి. అవునంటే మీ మోచెయ్యి అందించండి, వాళ్లే పట్టుకుంటారు. బండి మీద ఉంటే హారన్ కొట్టకండి, ఆగండి. ఆ పది సెకన్లు మీకు ఆలస్యం, మాకు దారి.