చక్రాల కుర్చీకి ఎంత దారి కావాలి?

మనం ఉండే క్వార్టర్లలో చాలాచోట్ల మెట్ల పక్కన సిమెంటుతో చేసిన చిన్న వాలు ఉంటుంది. స్కూటరును వరండాలోకి ఎక్కించడానికి కట్టిన వాలు అది. "మా బ్లాకులో ర్యాంపు ఉంది మేడం" అని పిల్లలు చెప్పేది చాలాసార్లు దాని గురించే. స్కూటరుకు ఇంజను ఉంది, నెట్టే మనిషికి కాళ్లున్నాయి. చక్రాల కుర్చీలో కూర్చున్నవారు తమ రెండు చేతులతోనే ఎక్కాలి. అంత నిటారు వాలు మీద చక్రాలు తిప్పబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

అందుకే మన దేశపు నిర్మాణ ప్రమాణాల్లో ర్యాంపుకు 1:12 అనే లెక్క ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవున వాలు ఉండాలన్నమాట. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్క మెట్టుకే 180 సెంటీమీటర్లు కావాలి. మూడు మెట్ల వరండాకైతే 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. మీరు చదువుకున్న నిష్పత్తుల పాఠమే ఇది. ఒక ఆదివారం టేపు పట్టుకుని మీ కాలనీలో బ్యాంకు, పోస్టాఫీసు, డిస్పెన్సరీ ముందు కొలిచి చూడండి. ర్యాంపు ఉండి కూడా లెక్క కుదరని చోట్లు మీకే దొరుకుతాయి.

తలుపుల సంగతీ అంతే. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు. చక్రం తిప్పే చేతులకు, మోచేతులకు చోటు కలుపుకుంటే ద్వారం 90 సెంటీమీటర్లైనా ఉండాలి. పాత క్వార్టర్లలో హాలు తలుపుతో పేచీ ఉండదు. ఇబ్బందంతా స్నానాల గది దగ్గరే.

బదిలీ ఆర్డరు రాగానే మన ఇళ్లలో అడిగే ప్రశ్నలు మీకు తెలుసు: బడి ఎంత దూరం, అక్కడ ఏ భాష మాట్లాడతారు, సామాను ఎప్పుడు కట్టాలి. కుర్చీ వాడే బిడ్డ ఉన్న ఇంట్లో ముందు అడిగేవి వేరు. కింది అంతస్తు దొరుకుతుందా? బాత్రూము తలుపు ఎంత? తరగతి గది పైన ఉందా, కింద ఉందా? పాత ఊళ్లో వడ్రంగిని పిలిచి వెడల్పు చేయించుకున్న తలుపు లారీ ఎక్కదు కదా! వైకల్యం ఉన్న పిల్లల బాగోగులు చూసుకునే ఉద్యోగులకు మామూలు బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2014లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి తెలియని తల్లిదండ్రులు నాకు ప్రతి ఊళ్లోనూ కనిపించారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పైకి కనిపించని ఇబ్బంది ఇంకొకటుంది. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె చక్రాల కుర్చీలో బడికి వచ్చేది. ఆమె నీళ్ల సీసా సాయంత్రం బడి వదిలేసరికి కూడా నిండుగానే ఉండేది. దాహం లేక కాదు. కుర్చీతో లోపలికి వెళ్లగలిగిన మరుగుదొడ్డి అక్కడ లేదు, అందుకని పొద్దుటి నుంచీ గుక్కెడైనా తాగేది కాదు. వెన్నుపాము దెబ్బతిన్నవారు నీళ్లు తక్కువ తాగితే మూత్రనాళాల్లో ఇన్ఫెక్షన్లు వస్తాయి, జ్వరాలు వస్తాయి, హాజరు పడిపోతుంది. ఒక తలుపు మార్చి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాక ఆ సీసా మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది.

ఆ అమ్మాయే పాఠం మధ్యలో అప్పుడప్పుడు కుర్చీ చేతుల మీద బరువు వేసి పైకి లేచేది. కాళ్లలో స్పర్శ లేనివారికి ఒకేచోట కూర్చుంటే ఒరుసుకున్నది తెలియదు, పుండ్లు పడతాయి. అందుకే మధ్యమధ్య అలా లేవాలి. "కదలకుండా కూర్చో" అనకూడదు. ఇది మా టీచర్ల కోసం రాసిన వాక్యం.

ఇక మనుషుల తీరు. కుర్చీలో ఉన్న మనిషి ఎదురుగానే ఉన్నా, "ఈ అబ్బాయి పేరేంటి?" అని వెనక నెట్టేవారిని అడుగుతారు. "అయ్యో పాపం" అని నిట్టూరుస్తారు. పెళ్లిళ్లలో పెద్దవాళ్లు పూర్వజన్మ దాకా వెళ్తారు. ఏ భాష మాట్లాడే ఊరికి వెళ్లినా ఈ "పాపం"కు ఒక మాట ఉంది! ప్రభుత్వ కాగితాల్లో వికలాంగులు పోయి దివ్యాంగులు వచ్చారు. మాట మర్యాదగా ఉండటం మంచిదే, కానీ దానివల్ల తలుపు వెడల్పు కాదు.

జైపూర్‌లో కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్న అవని లేఖరా మీకు తెలిసే ఉంటుంది. చిన్నప్పుడు కారు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. టోక్యో, పారిస్ పారాలింపిక్స్ రెండింటిలోనూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారు పతకం గెలిచింది. అసెంబ్లీలో ఆమె పేరు చెప్పి చప్పట్లు కొడతాం. కొట్టాల్సిందే. అయితే పతకం గెలవని వారికి కూడా పోస్టాఫీసులో పని ఉంటుంది.

చట్టం కూడా వారి పక్షానే ఉంది. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. భవనాలు, బస్సులు, రైళ్లు అందరికీ అందుబాటులో ఉండాలంది. ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకుండా తప్పనిసరి నియమాలు కావాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది.

మీ తరగతికి కుర్చీ వాడే స్నేహితుడు వస్తే ఏం చేయాలని అడుగుతారు. నెట్టేముందు "నెట్టనా?" అని అడగండి. వద్దంటే మానేయండి. కుర్చీకి మీ బ్యాగు తగిలించకండి, అది అతని ఒంటి మీద చెయ్యి వేసినట్టే. నెట్టమంటే, మిట్ట ఎక్కేటప్పుడు ముందుకు నెట్టండి. ఏటవాలుగా ఉన్నచోట దిగేటప్పుడు మాత్రం కుర్చీని తిప్పి, మీరు కిందివైపు ఉండి, వెనక్కి ఒక్కో అడుగు వేస్తూ దించండి. నేరుగా దించితే ముందుకు తూలి పడిపోయే ప్రమాదం ఉంది. ఆగాక బ్రేకు వేసి, వేశానని చెప్పండి.