విశ్రాంత జీవనమునకు తగిన ఊరు

ఉద్యోగ విరమణము చేసినవారికి మొదట తోచు ప్రశ్న, ఇక నెచట నివసింపవలయునన్నది. కాకినాడకు చిరకాలముగా పింఛనుదారుల స్వర్గమను పేరు కలదు. తిన్నని వీథులు, సముద్రపు గాలి, 1958లో నెలకొల్పబడిన రంగరాయ వైద్య కళాశాల, పెద్దాసుపత్రి అచట నున్నవి. అయినను పేరు విని ఇల్లు కొనరాదు. ఆ పట్టణము ప్రధాన రైలుమార్గముపై లేదు. పెక్కు దూరపు బండ్లకు సామర్లకోట పోవలసియుండును. 1996 నవంబరు తుపాను సమీపమున నున్న కోనసీమను అతలాకుతలము చేసినది. కావున పల్లపు పేటలను విడుచుట మేలు.

ఏ ఊరైనను ముందొక వేసవి, ఒక వర్షకాలము అద్దె యింట నుండి చూడవలయును. వైద్యుడు, బ్యాంకు, కూరగాయల బజారు నడక దూరమున నున్నవా? దంపతులలో ఒకరే మిగిలిననాడు ఆ యింట ఒంటరిగా నుండగలరా? ఈ రెండవ ప్రశ్నను పలువురు దాటవేయుదురు.

60 ఏండ్లు నిండినవారు తపాలా కార్యాలయమున వయోవృద్ధుల పొదుపు పథకములో 30 లక్షల రూపాయల వరకు దాచుకొనవచ్చును. వడ్డీ మూడు మాసముల కొకసారి చేతికందును. అయితే ధరలు పెరిగినను ఆ గడువులో వడ్డీ పెరుగదు.

బిడ్డల పేర ఇల్లు వ్రాయునపుడు మిక్కిలి జాగరూకత వలయును. పోషింతుమను షరతుపై నిచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, 2007 నాటి చట్టము 23వ సెక్షను ప్రకారము ట్రిబ్యునలు రద్దు చేయగలదు. షరతును దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయింపవలయును. వీలునామా యైనచో, జీవించియున్నంత వరకు ఇల్లు తమదే. దానిని మార్చుకొను హక్కును తమదే. ప్రేమకు పత్రములేలయని సంకోచింపనక్కరలేదు. పత్రము సరిగా నున్నచోట ప్రేమకు కలతలు తక్కువ.