గాజుతొట్టిలో కొత్త కాపురం

సంస్కృత నిఘంటువులలో 'అనిమిష' శబ్దానికి దేవత అని ఒక అర్థము, చేప అని మరొక అర్థము ఉన్నవి. రెప్పపాటు లేనిది అనిమిషము. దేవతలకూ చేపలకూ ఈ పొత్తు ఏమిటని తరగతిలో పిల్లలు నవ్వుతారు. కాని ఈ చిన్న వ్యుత్పత్తిలో చేపలను పెంచేవారికి పనికివచ్చే సంగతి ఒకటి దాగియున్నది. చీకటి సంచిలో గంటలకొలది ప్రయాణము చేసి వచ్చిన చేపను ప్రకాశవంతమైన దీపము క్రింద దించితే, కన్ను మూసుకొనడానికి దానికి రెప్ప లేదు. కొత్త చేపలను తెచ్చిన రోజున తొట్టి దీపమును ఆర్పివేయవలె. అమ్మేవారు ఈ మాట చెప్పడము అరుదు.

ఇప్పుడు పట్టణాలలోని అనేక పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయుని గది ముందర ఒక గాజుతొట్టి కనబడుతున్నది. అందులో వేయడానికి ఎక్కువమంది ముచ్చటపడి కొనేది నియాన్ టెట్రా. అంగుళము పైచిలుకు పొడవు. ప్రక్కన మెరుపుతీగవంటి నీలిచార. నడుమునుండి తోకవరకు ఎరుపు. సోమవారమునాడు పది కొంటే శనివారానికి రెండు మిగలడము కద్దు. అదేమని అడిగితే, అది సున్నితమైన జాతి అని చెప్పి అంగడివాడు మరొక పది అమ్ముతాడు. ఈ సమాధానముతో తృప్తిపడడము ఉపాధ్యాయులకు తగదు. చచ్చిన చేపను చెత్తబుట్టలో వేయడము పిల్లలు చూస్తూనే ఉంటారు. ప్రాణము పోతే మరొకటి కొనవచ్చునన్న పాఠము వారు ఆ తొట్టి దగ్గరే నేర్చుకొంటున్నారు.

నియాన్ పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ఎగువ ప్రాంతము. ఆగస్ట్ రబో అనే ఫ్రెంచివాడు పెరూ దేశపు అడవులలో దానిని పట్టి బయటి ప్రపంచానికి చూపాడు. 1936లో జార్జి మైయర్స్ అనే అమెరికా మత్స్యశాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయనామము పెట్టాడు. దానికి తోబుట్టువు వంటి కార్డినల్ టెట్రా రియో నీగ్రో నదీప్రాంతానిది. దానికి ఎరుపు పొట్ట పొడుగునా ఉంటుంది. ఆ కార్డినల్ నామకరణములో ఒక తగాదా వచ్చింది. 1956 ఫిబ్రవరి 20న షుల్ట్జ్ అనే పండితుడు ఒక పేరు ప్రకటించగా, మరునాడే మైయర్స్, వైట్జ్‌మన్ అనే ఇద్దరు వేరొక పేరు ప్రకటించారు. అంతర్జాతీయ సంఘము విచారించి 1957లో ముందు వచ్చిన పేరుకే పట్టము కట్టింది. కవుల కాలనిర్ణయములో నూరేండ్ల తేడాలనైనా సర్దుకొనే మాబోటివారికి ఈ ఒక్కరోజు వివాదము వినోదముగా ఉంటుంది.

రియో నీగ్రో అంటే నల్లనది. అడవి ఆకులు నాని నాని ఆ నీరు కాఫీ డికాక్షను రంగు తేరి ఉంటుంది. అందులో కరిగిన లవణాలు అత్యల్పము, ఆమ్లగుణము ఎక్కువ. నియాన్ కూడ అట్టి మృదుజలాలకు అలవడిన జాతియే. మన బోరుబావుల నీరో, కాచిన గిన్నెల అడుగున తెల్లని పొర కట్టే కఠినజలము. అంగళ్లకు వచ్చే నియాన్లు చాలవరకు పెంపకపు తొట్లలో పుట్టినవి గనుక కొంత గట్టినీటిని ఓర్చుకొనగలవు. ఆ ఓర్పు నెమ్మదిగా వచ్చేదే గాని ఒక్క దూకున వచ్చేది కాదు.

కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోయిందని సామెత. చేపల తొట్టిలో ఈ సామెత నిజమైతే కొంప మునిగినట్లే. చేప తన మొప్పలనుండి అమ్మోనియాను విసర్జిస్తుంది. అది విషము. పాత తొట్టిలో ఇసుకకూ వడపోత స్పాంజికీ అంటుకొని ఉండే సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగాను, తరువాత నైట్రేటుగాను మార్చుతవి. నైట్రైటు కూడ చేప రక్తమును ప్రాణవాయువు మోయనీయని విషమే. నైట్రేటు మాత్రము మితముగా ఉంటే అంత హాని చేయదు. ఈ సూక్ష్మజీవులు చాలినంత పెరగడానికి నాలుగునుండి ఆరు వారాలు పడుతుంది. తొట్టీ చేపలూ ఒకేరోజు కొనడములోనే మొదటి ప్రమాదమున్నది. తళతళలాడే స్వచ్ఛమైన నీరు కంటికే స్వచ్ఛము. ఇక వారానికొకసారి తొట్టినంతా ఖాళీచేసి, స్పాంజిని కుళాయి క్రింద పిండి కడిగే శుభ్రత ఉన్నదే, అది చేపల పాలిట శత్రువు. వారానికి నాలుగో వంతు నీరు మార్చితే చాలును. స్పాంజిని తొట్టినుండి తీసిన పాతనీటిలోనే జాడించవలె. కుళాయి నీటిలోని క్లోరిను ఒకరోజు తెరచి ఉంచితే చాలవరకు పోతుంది. క్లోరమైను కలిపిన నీటికి ఈ ఉపాయము చాలదు. హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, వంటి మందు కలపాలి. ఏ మందు ఎంత వేయాలో రసాయనశాస్త్రము చెప్పే సహోపాధ్యాయుని అడిగితే పిల్లలకు ఒక పాఠము కూడ అవుతుంది.

భాగవతములో సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్ల కమండలువునుండి కడవకు, కడవనుండి కొలనుకు, చివరకు సముద్రానికి మారింది. సాక్షాత్తు విష్ణువు గనుక పాత్ర మార్చినకొలది పెరిగింది. మన నియాన్ అట్టిది కాదు. మంచినీటి చేప శరీరములోనికి చర్మము ద్వారాను, మొప్పల ద్వారాను నీరు నిరంతరము చొరబడుతూనే ఉంటుంది. దానిని బయటికి పంపుతూ, లవణాలను నిలుపుకొంటూ అది బ్రతుకుతున్నది. చుట్టూ ఉన్న నీటి లవణాంశము హఠాత్తుగా మారితే ఈ తూకము తప్పుతుంది. అందువలన మూతి కట్టిన సంచిని పదిహేను ఇరువది నిమిషాలు తొట్టినీటిమీద తేలనిచ్చి, వేడిమి సమానమైన తరువాత మూతి విప్పి, అయిదారు నిమిషాలకొకసారి చిన్న గిన్నెడు తొట్టినీటిని సంచిలో పోయవలె. సంచి నీరు రెట్టింపు అయ్యేవరకు ఇట్లా చేసి, చేపలను మెత్తని వలతో తీసి తొట్టిలో వదలవలె. సంచి నీటిని తొట్టిలో పోయరాదు. అందులో అంగడి రోగాలు కూడ ఉండవచ్చు. వీలున్నవారు కొత్తచేపలను రెండుమూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి చూడడము ఉత్తమము.

ఇందులో ఒక మెలిక ఉన్నది. దూరప్రాంతమునుండి చాలాసేపు ప్రయాణము చేసిన సంచిలో అమ్మోనియా పేరుకొని ఉంటుంది. చేపలు విడిచిన బొగ్గుపులుసు గాలివల్ల ఆ నీరు ఆమ్లగుణము పొంది, అమ్మోనియాలో అధికభాగము అంతగా హానిచేయని అమ్మోనియం రూపములో ఉంటుంది. మూతి విప్పగానే ఆ గాలి ఎగిరిపోతుంది, ఆమ్లగుణము తగ్గుతుంది, అమ్మోనియం మరల విషరూపము దాల్చుతుంది. కనుక అట్టి సంచిని విప్పి గంటలకొలది బొట్టుబొట్టుగా నీరు కలుపుతూ కూర్చుండడము దయ అనిపించుకొనదు. మూతి విప్పకముందే వేడిమి సరిచేసి, విప్పిన తరువాత పని త్వరగా ముగించవలె. పక్కవీధి అంగడినుండి తెచ్చినవానికి ఈ భయము లేదు, నిదానముగానే చేయవచ్చు.

నియాన్ ఒంటరిగా బ్రతకలేని చేప. ఒకటి రెండు కొంటే మూలన నక్కి, రంగు వెలసి, తిండి మానుతవి. కనీసము ఎనిమిది పది ఉండవలె. రెండడుగుల తొట్టి, కొన్ని నీటిమొక్కలు కావలె. అన్నీ ఒకదానికొకటి అంటుకొని ఒకే ముద్దగా తిరుగుతుంటే చూచేవారు ఆనందిస్తారు గాని, చాలసార్లు అది బెదురుకు గుర్తు. కుదుటపడిన గుంపు కొంచెము విడివడి తిరుగుతుంది. ఉదయము దీపము వేయగానే చేపలు పాలిపోయి కనబడితే కంగారుపడనక్కరలేదు; చీకటిలో వాటి రంగు తగ్గడము సహజము, కొంతసేపటికి మరల నిండుకొంటుంది.

మొదటి రోజు ఆహారము వేయకపోవడమే మంచిది. మరునాడు చిటికెడులో సగము. నియాన్ నోరు ఆవగింజంత కూడ లేదు. అంగడిలో అమ్మే రేకుల మేతను వ్రేళ్లమధ్య పిండిగా నలపవలె. ఇది నడినీటి చేప. పడుతున్న మేతను మధ్యలో అందుకొంటుంది గాని, అడుగున పడినదానికై అంతగా వెదకదు. కాబట్టి ఒకేసారి కుమ్మరించక, రెండు నిమిషాలలో తినగలిగినంత కొద్దికొద్దిగా రాల్చవలె. రోజుకు రెండు పూటలు. మిగిలిన మేత కుళ్లి మరల అమ్మోనియాయే అవుతుంది. రేకులను ముట్టని మొండిచేపలకు ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్యపురుగు పిల్లలు మంచి మందు. వాటి గుడ్లను ఉప్పునీటిలో వేసి గాలి పెడితే ఇంచుమించు ఒకరోజులో అరమిల్లీమీటరు పిల్లలు పుట్టుతవి. వాటి కదలిక చూస్తే అలిగిన నియాన్ కూడ నోరు తెరుస్తుంది. దోమపిల్లలు కూడ వాటికి ఇష్టమే. కాని చేపల కొరకు పాఠశాలలో దోమలను పెంచమని నేను చెప్పజాలను.

సెలవులలో ఏమి చేయవలెనన్నది అసలు ప్రశ్న. కుదురుకొన్న చేపలు రెండుమూడు రోజులు మేత లేకున్నా ఉండగలవు. దసరాకు, సంక్రాంతికి ఊరికి పోయే ఉపాధ్యాయుడు మేత డబ్బాను బంట్రోతు చేతికి ఇచ్చిపోతే, అతడు జాలిపడి గుప్పెడు వేస్తాడు. హోమియో మందువలె ఒక్కొక్క పూట మేతను ఒక్కొక్క పొట్లము కట్టి, తేదీ వ్రాసి ఇచ్చి, డబ్బాను బీరువాలో పెట్టి తాళము వేయడము మేలు. వేసవి సెలవులకు ఈ పొట్లాలు చాలవు. నీరు వేడెక్కినకొలది అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. నియాన్‌కు ఇరువదియారు డిగ్రీలు దాటితే సుఖము లేదు. మే నెలలో మూసిన గదిలో, కరెంటు పోయిన మధ్యాహ్నము ఆ తొట్టి ఎట్లుంటుందో ఊహించుకొనవచ్చు. వేసవిలో తొట్టిని ఇంటికి తీసుకొనిపోయి చూచుకొనేవారు ఒక్కరైనా లేని పాఠశాల నియాన్లను కొనరాదని నా అభిప్రాయము.

గుంపుగా తిరిగే చేపలే కావలెనంటే మన దేశములోనే చారలచేప ఉన్నది. 1822లో హామిల్టన్ అనే స్కాట్లండువాడు గంగానది చేపలను గురించి వ్రాసిన గ్రంథములో దానిని వర్ణించాడు. అంగళ్లలో జీబ్రా డానియో అంటారు. వెల తక్కువ, గట్టినీటికి, ఎండకు నియాన్‌కంటె ఎంతో ఓర్చుకొంటుంది, ప్రపంచములోని పరిశోధనశాలలెన్నో దానిమీద పరిశోధనలు చేస్తున్నవి. దానికి కూడ గుంపు కావలె, కుదిరిన తొట్టి కావలె, కొద్దిపాటి మేతే వేయవలె. తొట్టిమీద మూత మాత్రము తప్పదు. అది ఎగిరి దూకుతుంది.