బోరు వేసే ముందు నీటి లెక్క



నల్లా రాని రోజు ఎంత కష్టమో గైబీ నగర్‌లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. భివండీకి స్టెమ్ సంస్థ నుండి, ముంబయి కార్పొరేషన్ నుండి, వరాలదేవి చెరువు నుండి నీరు వస్తుంది. అది చాలనప్పుడు అందరం బోరు వైపు చూస్తాం. సాంచాల మీద సంపాదించిన డబ్బును ఊళ్లో పొలంలో బోర్లకు పెట్టి, నీరు పడక నష్టపోయినవారు మనలోనూ ఉన్నారు. భూమి కింద ఎంత నీరుందో ముందుగా లెక్క కట్టే శాస్త్రం ఒకటుంది. దాన్ని ఈసారి తెలుసుకుందాం.

రాతిలో నీరెంత?

భివండీ కింద ఉన్నది బసాల్టు అనే నల్లరాయి. తెలంగాణలో చాలాచోట్ల గ్రానైటు. రెండూ గట్టి రాళ్లే. పైన చివికిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది.

హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం వద్ద 53 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి పరిశోధించారు. అప్పటికే అక్కడ 700కు పైగా బోర్లు ఉన్నాయి. 2006లో ప్రచురించిన వారి లెక్క ప్రకారం, మట్టం పడినప్పుడు ఆ రాతిపొర వదిలే నీరు 1.4 శాతమే. ఎకరం చెరువులో మీటరు లోతు నీరు 40 లక్షల లీటర్లు. ఎకరం నేల కింద మట్టం మీటరు పెరిగితే దక్కేది సుమారు 57 వేల లీటర్లు! వానకు మట్టం గబగబా పెరిగినా, తోడితే అంత త్వరగానూ పడిపోయేది ఇందుకే.

నమూనా అంటే ఏమిటి?

నీటి మట్టాల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుందనీ, దూరం పెరిగితే తగ్గుతుందనీ 1856లో ఫ్రాన్సు ఇంజనీరు హెన్రీ డార్సీ తెలిపారు. ఈ సూత్రంతోనే కంప్యూటరు నేలను గళ్లగుడ్డలా విభజించి, ఒక్కొక్క గడిలోకి వచ్చే నీరు, పోయే నీరు లెక్క వేస్తుంది. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ 1984లో తెచ్చిన మాడ్‌ఫ్లో అనే ప్రోగ్రాము నేటికీ ఉచితంగా దొరుకుతుంది.

ప్రోగ్రాము దొరికినంత మాత్రాన లెక్క సరికాదు. ఈ పద్ధతులు పాటించాలి:

1. రాతిపొరల లోతు, బావుల మట్టాలు ముందుగా కొలవాలి. కొలత తప్పితే ఫలితమూ తప్పే.

2. జమాఖర్చు రాయాలి. వాన నుండి, వరి మడుల నుండి ఇంకేది జమ. బోర్లు తోడేది ఖర్చు.

3. పదేళ్ల కొలతలుంటే ఏడేళ్ల వాటితో నమూనాను సరిచేసి, మిగిలిన మూడేళ్ల మట్టాలను అది సరిగా చెబుతుందో లేదో చూడాలి.

4. ఒకే అంకెను నమ్మరాదు. మహేశ్వరం లెక్కలో కూడా 1.1 నుండి 1.7 శాతం దాకా తేడాకు అవకాశం ఉంది. నీటి పథకం వేసేటప్పుడు తక్కువ అంకెనే పట్టుకోవాలి.

5. వరుసగా రెండేళ్లు వానలు లేకపోతే ఏమవుతుందో చూడాలి. కొత్త కొలతలతో ఏటా లెక్కను తిరగరాయాలి.

కొలిచినవారు రైతులే

ఇది పెద్ద చదువులవారికే పరిమితం కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పథకం కింద నల్గొండ, పాలమూరుతో సహా ఏడు జిల్లాల రైతులు తమ బావుల మట్టాలను, వానను తామే కొలిచారు. ఉన్న నీటిని లెక్కగట్టి ఏ పంట వేయాలో చర్చించుకున్నారు.

విద్యార్థులారా, సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు పెద్దవారిని వెంటబెట్టుకుని ఒక బావి మట్టాన్ని కొలిచి, తేదీతో నోటుబుక్కులో రాయండి. వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి రాస్తే చాలు. గణితం, భౌతికశాస్త్రం మీద ఇష్టమున్నవారు భూగర్భశాస్త్రం లేదా సివిల్ ఇంజనీరింగు చదివి ఈ రంగంలోకి రావచ్చు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. బోరుకు డబ్బు కట్టే ముందు చుట్టుపక్కల బోర్లు ఎన్ని, ఎంత లోతు, మే నెలలో వాటి మట్టం ఎంత అని అడగండి. జవాబు దొరికాకే ముందుకు వెళ్లండి.