గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప ఉందా..? నాలుగడుగుల వసారా అయినా ఇలా సర్దుకుంటే సేఫ్!

ఉయ్యూరులో పాత వీధుల్లోని చిన్న ఇళ్లకి గుమ్మం ముందు ఉండేది నాలుగైదు అడుగుల వసారానే. చెప్పులు, హెల్మెట్, గొడుగులు, వాటర్ క్యాన్, స్కూటీ.. అన్నీ అక్కడే. పొద్దున్నే పిల్లలు స్కూల్‌కి బయల్దేరే టైమ్‌లో ఒక బూటు దొరకదు. బండి తాళం కనిపించదు. అయితే ఇది హడావుడితో పోయే సమస్య మాత్రమే కాదు.

వానాకాలంలో అసలు రిస్క్

ఉయ్యూరు చుట్టూ చెరకు తోటలు, వరి చేలు, కాలువలు. ఎలుకలున్న చోటికి పాములొస్తాయి. వానలకి పొలాల్లో నీళ్లు చేరితే పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ల వైపు వస్తాయి. 2018 ఆగస్టులో ఇదే కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాటు కేసులు వరుసపెట్టి రావడంతో జనం హడలిపోయారు. దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబర్ మధ్యే.

కాట్లు ఎక్కువగా పొలాల్లోనే పడతాయి. కానీ గుమ్మం పక్కన చెప్పుల కుప్ప, దాని వెనక గోనెసంచి ఉంటే.. పాముకైనా తేలుకైనా అంతకంటే మంచి చోటు ఉండదు. అందుకే చిన్న గుమ్మానికి రూల్ ఒక్కటే. నేల ఖాళీగా ఉండాలి.. సామాన్లు గోడకి ఎక్కాలి.

ముందు లెక్క తేల్చండి

నలుగురున్న ఇంట్లో మనిషికి మూడు జతలంటే 12 జతలు. రోజూ వేసుకునేవి అందులో నాలుగైదే. పెళ్లిళ్లకి, ఊళ్లకి వేసుకునేవి తుడిచి లోపల అటక మీద పెట్టేయండి. తెగిపోయినవి ఇవాళే తీసేయండి.

స్టాండ్ ఎలాంటిది కొనాలి?

పెద్దవాళ్ల చెప్పు దాదాపు అడుగు పొడవు. మామూలు స్టాండ్ లోతూ అంతే. నాలుగడుగుల వసారాలో అది పోగా నడవడానికి మూడడుగులు మిగులుతుంది. అంత చోటు కూడా లేదంటే, చెప్పులు నిలువుగా పెట్టే ఏటవాలు తలుపుల ర్యాక్ చూడండి. ఏడెనిమిది అంగుళాల లోతుతో సరిపోతుంది. ఏది కొన్నా కింది అర నేలకి కనీసం అరడుగు ఎత్తులో ఉండాలి. చీపురు లోపలికి వెళ్లాలి, వెలుతురు పడాలి. తడి చెప్పులకి కమ్మీల అర బెటర్. బూట్లు పై అరలో పెట్టండి. వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులపండి.

గోడకి నాలుగు కొక్కేలు చాలు

హెల్మెట్‌కి ఒకటి, గొడుగుకి ఒకటి, కూరగాయల సంచికి ఒకటి. పిల్లల స్కూల్ బ్యాగ్‌కి మూడడుగుల ఎత్తులో ఇంకొకటి. వాళ్లంతట వాళ్లే తగిలించుకుంటారు. తాళాలు మాత్రం తలుపు లోపలి వైపే. కిటికీలోంచి చెయ్యి పెడితే అందేలా ఉండకూడదు. గొడుగు కింద పాత పెయింట్ బకెట్ పెడితే నీళ్లు టైల్స్ మీద కారవు.

గోనె పట్టా బదులు మ్యాట్

నున్నటి టైల్స్ మీద గోనె పట్టా జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే పడిపోయే ప్రమాదం. అడుగున రబ్బరు ఉన్న పల్చటి మ్యాట్ వేయండి. వారానికోసారి ఎత్తి కింద ఊడవండి.

స్కూటీ ఛార్జింగ్ అక్కడ వద్దు

స్కూటీ హ్యాండిల్ వెడల్పే రెండడుగులు దాటుతుంది. వసారాలో పెడితే దారి మూసుకుపోయినట్టే. ఎలక్ట్రిక్ బండి అయితే ఇంకా జాగ్రత్త. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఇంటికి ఉన్న ఒక్క దారిలోనే మంటలొస్తే లోపలున్నవాళ్లు బయటికి రాలేరు. రాత్రంతా అక్కడ ఛార్జింగ్ పెట్టొద్దు.

తిరునాళ్లకి చుట్టాలొస్తే?

వీరమ్మతల్లి తిరునాళ్లు మాఘ శుద్ధ ఏకాదశి నుంచి 15 రోజులు. ఆ రోజుల్లో ఇంటి ముందు పాతిక జతలు చేరడం మామూలే. గోడ వారగా ఒక పొడవాటి చెక్క పలక వేయండి. చెప్పులు దాని మీదే వరుసగా పెట్టమనండి. మధ్యలో దారి వదలండి.

రాత్రి ఒక చిన్న బల్బు

కట్లపాము తిరిగేది రాత్రిపూటే. గుమ్మం దగ్గర చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించి ఉంచండి. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా చూసి, 108కి ఫోన్ చేసి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు ఇంజెక్షన్ అక్కడ దొరుకుతుంది.

సర్దడం అయ్యాక ఒక చిన్న టెస్ట్. నిద్రపోతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని, కాలికి ఏదీ తగలకుండా ఇంట్లోంచి వీధిలోకి రాగలిగితే.. మీ గుమ్మం సెట్ అయినట్టే.